పాటకు పట్టా ఎవరి పేరున?

(మా ప్రాంతపు పాటల దళాల రెండు రోజుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే అచ్చేస్తున్నాం. మధ్యలో కరెంటు పోయినప్పటి ముచ్చట్లు మాత్రం తీసేశాం.)



పొద్దుటి నుంచీ మీరు ఒకే ఒక్క విషయం మీద కొట్లాడుకుంటున్నారు. మన దళంలో తొమ్మిదేళ్లు పాడిన తమ్ముడు దళం వదిలి వెళ్లిపోయాడు. వెళ్లినవాడు ఊరుకోలేదు. ఆరు పాటలు సొంతంగా రికార్డు చేయించి, తన ఒక్కడి ఫొటో పెట్టుకుని సెల్‌ఫోన్లలోకి వదిలాడు. "అమ్ముడుపోయాడు" అని ఒకరన్నారు. "గొంతు వాడిదే గదా, మనమేమన్నా గుత్తకు తీసుకున్నామా" అని ఇంకొకరన్నారు. ఒక అక్క అయితే లేచి, "వాడు పాడిన పాటల్లో రెండు మా అమ్మ నాట్లకాడ కట్టినవి, దానికేం చెప్తారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకి ఈ షామియానా కింద ఎవరూ జవాబు చెప్పలేదు.

మమ్మల్ని "పాట, సంస్థ" అనే అంశం మీద మాట్లాడమన్నారు. రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెడుతున్నాం. ఇట్లాగే బృందం వదిలి బయటికొచ్చి, సొంతంగా మొదటి రికార్డు వేసిన ఒక నల్లజాతి పాటగాడి కథ చెబుతాం. పేరు కర్టిస్ మేఫీల్డ్. ఊరు అమెరికాలోని షికాగో. 1970లో సంగతి.

"మన గూడెం గొడవకి అమెరికా ఎందుకయ్యా?" అని అక్కడ వెనకాల పెద్దయ్య అంటున్నాడు. పెద్దయ్యా, ఈ రాకపోకలు ఇవాళ్టివి కావు. 1873లో జోతిబా ఫూలే 'గులాంగిరీ' రాసి, నల్లవాళ్ల బానిసత్వాన్ని పోగొట్టడానికి నిలబడ్డ అమెరికా ప్రజలకే అంకితం ఇచ్చాడు. 1946లో మన బాబాసాహెబు అక్కడి నల్లజాతి పండితుడు డుబోయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో మన కుర్రాళ్లు సంఘం పెట్టుకుని, అక్కడి బ్లాక్ పాంథర్ల పేరు చూసి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకున్నారు. వాళ్ల పుస్తకాలు తెచ్చుకున్నాం, పేర్లు తెచ్చుకున్నాం. వాళ్ల పాటల దళాలు ఎట్లా చీలాయో, ఎట్లా కలిశాయో మాత్రం తెచ్చుకోలేదు.

ఇంకో మాట. మాకు ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఈ పాటలు మాకు మొదట వినిపించింది, ఇప్పుడు మీరు తిడుతున్న ఆ తమ్ముడే. వాడి ఫోన్లోనే విన్నాం. చదువుకున్న పిల్లల్ని కూచోబెట్టుకుని మాటమాటకీ అర్థం చెప్పించుకున్నాం.

కర్టిస్ 1942 జూన్ 3న పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే వదిలేసి పోయాడు. తల్లి, నాయనమ్మ పెంచారు. ఒక ప్రభుత్వ ఇళ్ల సముదాయం నుంచి ఇంకోదానికి మారుతూ, చివరికి కాబ్రిని-గ్రీన్ అనే చోటికి చేరారు. మన కాలనీల్లాంటిదే అనుకోండి, ఊరికి దూరంగా కాకుండా నడిబొడ్డునే కట్టిన వెలివాడ. దక్షిణాది పత్తిచేలల్లో వెట్టి భరించలేక, చెట్టుకి ఉరేసి చంపే గుంపుల భయానికి, 1910 నుంచి 1970 దాకా అరవై లక్షల మంది నల్లవాళ్లు ఉత్తరాది పట్నాలకు వలసపోయారు. షికాగోలో వాళ్ల పేటలు అట్లా పుట్టినవే.

నాయనమ్మ ప్రార్థనా మందిరంలో బోధకురాలు. మనవడు అక్కడే పాట నేర్చుకున్నాడు. గురువు లేడు. పియానో మీద తెల్ల మెట్లు, నల్ల మెట్లు ఉంటాయి గదా. వాడు నల్ల మెట్ల మీదే వేళ్లు ఆడించుకున్నాడు. తర్వాత గిటారు చేతికొస్తే, దాని తీగెల్ని కూడా ఆ నల్ల మెట్ల స్వరాలకే బిగించుకున్నాడు. లోకమంతా బిగించే పద్ధతి వేరని చాలాకాలం తర్వాత తెలిసింది. తెలిసినా మార్చుకోలేదు. చచ్చేదాకా ఆ గిటారు అట్లాగే మోగింది. డప్పుని మంట మీద ఎంతసేపు కాచాలో మన తాతలకి ఏ పుస్తకం చెప్పింది? ఇదీ అంతే.

ఇప్పుడు మొదటి చీలిక వినండి. కర్టిస్, అతని స్నేహితుడు జెర్రీ బట్లర్, ఇంకో ముగ్గురు కలిసి 'ఇంప్రెషన్స్' అనే బృందంగా పాడారు. 1958లో వాళ్ల మొదటి పెద్ద పాట బయటికొచ్చింది. కర్టిస్‌కి అప్పటికి పదహారేళ్లు. రికార్డు తెచ్చి చూసుకుంటే దాని మీద "జెర్రీ బట్లర్ అండ్ ది ఇంప్రెషన్స్" అని అచ్చయి ఉంది. ఐదుగురు పాడిన పాటకి ఒకడి పేరు ముందు, నలుగురు వెనక. అది కంపెనీవాడు చేసిన పని. పేరు ముందు పడ్డవాడికీ వెనక పడ్డవాళ్లకీ మధ్య పుల్ల పడింది. కొద్దికాలానికే బట్లర్ వెళ్లిపోయాడు.

వెళ్లినవాణ్ణి కర్టిస్ ఏం చేశాడు? వెలివెయ్యలేదు. అతని వెంటే గిటారు వాయిస్తూ ఊళ్లు తిరిగాడు. ఇద్దరూ కలిసి పాటలు రాశారు. ఆ కూలి డబ్బులు కూడబెట్టుకుని, విడిపోయిన పాత బృందాన్ని మళ్లీ కూర్చి, 1961లో న్యూయార్కు తీసుకుపోయి కొత్త పాట రికార్డు చేయించాడు. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. వదిలిపోయినవాడి దగ్గర సంపాదించిన డబ్బుతో మిగిలిన దళం నిలబడింది.

తర్వాత ఆ బృందంలో ముగ్గురు మిగిలారు. కర్టిస్, ఫ్రెడ్ క్యాష్, సామ్ గూడెన్. 1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో నల్లవాళ్ల మహా ప్రదర్శన. సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చచ్చిపోయారు. అటువంటి రోజుల్లో వీళ్ల పాటలు ఊరేగింపుల్లోకి వెళ్లాయి. ముందుకు తోసుకుంటూ పోదాం అని 1964లో ఒకటి, రైలొస్తోంది సిద్ధంకండి, టిక్కెట్టు అక్కర్లేదు అనే భావంతో 1965లో ఒకటి. మన దగ్గర 1985లో కారంచేడు తర్వాత పాటలు ఎట్లా ఊరూరా నడిచిపోయాయో, అట్లాగే. 1968కి వచ్చేసరికి గెలిచేవాళ్లం మేమే అని తలెత్తి పాడారు. ఆ పాటని కొన్ని రేడియో స్టేషన్లు వెయ్యనన్నాయి. షికాగోలోనే ఒక పెద్ద స్టేషను వెయ్యనంది. అయినా నల్లవాళ్ల పాటల పట్టీలో అదే మొదటి స్థానానికి వచ్చింది.

ఈ మనిషి గొంతు మీకు వినిపిస్తే ఆశ్చర్యపోతారు. ఉద్యమ పాటంటే గొంతు చించుకోవాలని మనవాళ్లు అనుకుంటారు. నిన్న రాత్రి మీలో ఇద్దరికి గొంతు పోయింది కూడాను. కర్టిస్‌ది సన్నటి గొంతు. పసిబిడ్డకి జోలపాడే తల్లి గొంతులాగా పైస్థాయిలో మెత్తగా ఉంటుంది. ఆ మెత్తదనంతోనే నిప్పులాంటి మాటలు చెప్పాడు.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. షికాగో పడమటి పేటలు తగలబడ్డాయి. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున అదే షికాగోలో పోలీసులు ఇంట్లో జొరబడి, బ్లాక్ పాంథర్ నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్‌ని మంచం మీదే కాల్చేశారు. ఇరవై ఒక్కేళ్ల పిల్లవాడు. రైలొస్తుంది సిద్ధంకండి అన్న పాట, ఆ బూడిదలో నిలబడి పాడితే ఎట్లా ఉంటుంది? ముగ్గురు కలిసి ఒక్క రకం సూట్లు వేసుకుని, వంతపాడుతూ వేదిక మీద నిలబడే పద్ధతిలో ఇక చెప్పలేని మాటలు పోగయ్యాయి. అంతకుముందే సొంత కంపెనీ కూడా పెట్టాడు. దాన్ని నడపాలి. ఇతరులకి రాయాలి. 1970లో బృందం నుంచి బయటికొచ్చాడు. ఆ సెప్టెంబరులో మొదటి సొంత రికార్డు వచ్చింది. దాని పేరు 'కర్టిస్', అంతే. అట్ట మీద పసుపుపచ్చ సూటులో తనొక్కడే.

చూశారా, ఒక్కడి ఫొటో, ఒక్కడి పేరు. మీరు తమ్ముడి మీద మోపిన నేరం ఇదే గదా. అయితే లోపల ఏముందో చూద్దాం.

ఎనిమిది పాటలు. మొదటిది వినగానే ఉలిక్కిపడతాం. ఒక ఆడమనిషి బైబిలు చివరి పుస్తకం గురించి మాట్లాడుతుంటుంది, కింద మంద్రంగా ఒక తీగె బుసకొడుతుంటుంది, అంతలో కర్టిస్ ఒక్క కేక పెడతాడు. వీధుల్లో ఒకళ్లనొకళ్లు తిట్టుకునే మాటలతోనే నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ అందర్నీ పిలుస్తాడు. నరకమంటూ ఉంటే అందరం పోయేది అక్కడికే, కంగారు పడకండి అని ఎగతాళి. అప్పటి అధ్యక్షుడు నిక్సన్ పేరు కూడా ఎత్తుతాడు. ఆ తిట్టుమాటల సంగతి మాకు పూర్తిగా మింగుడు పడలేదు. మనల్ని తిట్టిన కులం పేరునే మనం పాటలో పెట్టి ఎగరేసుకున్నాం, అది వేరు. ఎదుటి అణగారినవాళ్ల మీద వాడే తిట్టు మన నోట రాకూడదని మా అభిప్రాయం. ఆ కేకలో యూదుల్ని కూడా కలిపేశాడు. అది బాగోలేదని చెప్పుకోవాలి.

ఆ రికార్డులో మా గుండెకి పట్టింది నాలుగో పాట. నీలం కంటే నల్లనైనవాళ్లం మనం అని మొదలెడతాడు. తెల్లవాణ్ణి తిట్టే పాట కాదది. నల్లవాళ్లు నల్లవాళ్లతోనే మాట్లాడుకునే పాట. మనల్ని మనమే చంపుకుంటుంటే, వాళ్లు మన గురించి చెప్పిందంతా నిజం చేసేస్తుంటే చూస్తూ నిలబడదామా అని అడుగుతాడు. అక్కడ నల్లవాళ్లలో లేత రంగువాళ్లకి ముదురు రంగువాళ్లంటే చిన్నచూపు ఉండేది. ఆ లేతరంగు పిల్లని కూడా పేరు పెట్టి పిలిచినట్టు పిలిచి, నువ్వూ ఈ లోతైన నల్లటి బావిలో నీళ్లవే అనే అర్థం వచ్చేట్టు చెబుతాడు. ఇక్కడ కూచున్నవాళ్లకి దీన్ని విప్పి చెప్పాలా? మన రెండు పేటల మధ్య బావి ఎన్నేళ్లు తగువైందో మీకు తెలుసు.

ఆ పాట నెమ్మదిగా పోయి పోయి, నడిమధ్యలో ఒక్కసారి తెగుతుంది. మాట ఆగిపోయి వాద్యాలు, చేత్తో కొట్టే డోళ్లు పరుగెత్తుతాయి. కాసేపటికి మళ్లీ మొదటి నడకకి వస్తుంది. మన దప్పుకారులు ఇది వినాలి. మాటతో బుజ్జగించిన తర్వాత దరువుతో లేపడం ఎట్లాగో అందులో ఉంది.

దాని తర్వాతి పాట 'మూవ్ ఆన్ అప్'. దాదాపు తొమ్మిది నిమిషాలు. సగం కాకముందే పాటగాడు నోరు మూసుకుంటాడు. మిగిలిందంతా వాయిద్యగాళ్లదే. తన పేరుతో, తన ఫొటోతో వేసుకున్న రికార్డులో అన్నిటికంటే పెద్ద పాటలో సగానికి పైగా పక్కకి తప్పుకుని, బాకాలకీ డోళ్లకీ చోటిచ్చాడు. అమెరికాలో ఆ పాట విడిగా అంతగా ఆడలేదు. 1971లో ఇంగ్లండులో పన్నెండో స్థానం దాకా వెళ్లింది. ఇప్పుడు అతని పేరు చెబితే అందరూ తలుచుకునేది దాన్నే.

'మిస్ బ్లాక్ అమెరికా' అని ఇంకో పాట. తెల్లవాళ్ల అందాల పోటీలో నల్లపిల్లలకి చోటు లేకపోతే, 1968లో వాళ్లే వేరే పోటీ పెట్టుకున్నారు. ఆ పాట ముందు ఒక చిన్నపిల్ల తండ్రితో ముద్దుగా మాట్లాడుతుంది. మా మహిళా కార్యకర్తలకి వినిపిస్తే పెదవి విరిచారు. "నల్లది అందమే, సరే. ఆడపిల్లని కొలిచే కొలబద్ద మాత్రం వాడిదే గదా" అన్నారు. మేము జవాబు చెప్పలేకపోయాం. మిగిలినవాటిలో ప్రేమ పాటలు, పేదపేట బతుకు పాట ఉన్నాయి. పేదపేట పాట మంచిది. ప్రేమ పాటల గురించి మమ్మల్ని అడక్కండి.

ఆ రికార్డు నల్లవాళ్ల సంగీత పట్టీలో ఐదు వారాలు మొదటి స్థానంలో ఉంది. అందరి పట్టీలో పంతొమ్మిది దాకా ఎక్కింది.

ఇప్పుడు అసలు విషయం. పాట ఎవరిది?

భూమితో పోల్చి చెబుతాం, మీకు తేలిగ్గా అర్థమవుతుంది. పాట రాసినవాడు రైతు. పాట మీద హక్కు అనేది పట్టా. రికార్డు అమ్మినప్పుడల్లా, రేడియోలో వేసినప్పుడల్లా, వేరేవాళ్లు పాడుకున్నప్పుడల్లా కొంత డబ్బు వస్తుంది. అందులో కొంత రాసినవాడిది, కొంత ఆ పట్టా చేతిలో ఉన్నవాడిది. అమెరికాలో నల్లవాళ్లు రాసిన పాటల పట్టాలు చాలావరకు కంపెనీల చేతుల్లో ఉండేవి. చేతిలో కాస్త నగదు పెట్టి, ఒక కారు కొనిచ్చి, కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్లు. జీవితాంతం పాడినా పాలేరు పాలేరే.

కర్టిస్ చదువు హైస్కూలు కూడా దాటలేదు. కానీ ఈ ఒక్క సంగతి ఇరవయ్యేళ్లు అటూ ఇటూ ఉన్న వయసులోనే పట్టేశాడు. తన పాటల హక్కులు తన దగ్గరే ఉండాలని సొంత సంస్థ పెట్టుకున్నాడు. 1968లో తోటివాడు ఎడ్డీ థామస్‌తో కలిసి 'కర్టమ్' అనే రికార్డు కంపెనీ మొదలెట్టాడు. కర్టిస్‌లో కర్ట్, థామస్‌లో టమ్. ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్నారు, ఒక్కడి పేరు కాదు. మనం మాట్లాడుకున్న రికార్డు ఆ కంపెనీ మీదే వచ్చింది.

అయితే దీన్ని స్వర్గంలాగా చెప్పడం మాకిష్టం లేదు. రికార్డుల్ని దేశమంతా చేరవేసి అమ్మే పని బుద్ధా అనే వేరే కంపెనీ చేతిలో ఉంది. పేరు చూసి మనవాడనుకోకండి, వ్యాపారస్తుడే. పంట మనదే, యార్డు వాళ్లది. 1980లో కర్టమ్ మూతపడింది కూడా. పైగా ఎంతైనా అది కంపెనీ. అందులో పాడేవాళ్లకీ వాయించేవాళ్లకీ కర్టిస్ యజమానే. సంఘం కాదు. మనవాడు యజమాని అయితే చాలు అనుకుంటే మళ్లీ మొదటికి వస్తాం.

మన సంగతి చూడండి. ఇరవై ఏళ్ల కింద మన దళం పాటలు ఒక కంపెనీవాడు క్యాసెట్టు వేశాడు. దళానికి ఐదొందలిచ్చాడు, భోజనం పెట్టించాడు. అట్ట మీద "జానపద గీతాలు, సేకరణ" అని వేసి తన పేరు పెట్టుకున్నాడు. రాసిన అన్న పేరు లేదు, నాట్లకాడ పాట కట్టిన అమ్మ పేరు లేదు. మేమప్పుడు ఆ అట్టని చూసి మురిసిపోయి, పది క్యాసెట్లు కొని చుట్టాలకి పంచాం. ఎవరి మీదో చెప్పడం కాదిది. సంతకం పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం.

ఈ దేశంలో చట్టం ఒకటుంది. 1957 కాపీరైటు చట్టం. రాసిన క్షణం నుంచే పాట రాసినవాడిదవుతుంది. రిజిస్టరు చేయిస్తేనే హక్కనే నియమం లేదు. రాసినవాడు పోయిన తర్వాత కూడా అరవై ఏళ్లు ఆ హక్కు వారసులకుంటుంది. 2012లో చట్టం మార్చి, పాట రాసినవాళ్లకీ బాణీ కట్టినవాళ్లకీ రావాల్సిన రాయల్టీ వాటాని పూర్తిగా రాయించుకునే వీలు తగ్గించారు. కానీ చేలో పుట్టిన పాట నోటి మీదే ఉంటే, మొదట కాగితం మీద పెట్టినవాడే రాసినవాడిగా చెలామణి అయిపోవచ్చు. అందుకని ఈ తరగతిలో ఒక నోటు పుస్తకం పెట్టాం. పాట, కట్టినవాళ్ల పేరు, ఊరు, ఏ సంవత్సరం, ఎవరి నోట విన్నారు, ఇవన్నీ రాయించాలి. ముసలమ్మలు ముందు. వాళ్లు ఆగరు.

మళ్లీ కర్టిస్ దగ్గరికి వద్దాం, ఒక సంగతి మిగిలింది. బృందం వదిలాడని చెప్పాం గదా. వదిలి గాలికి పోనివ్వలేదు. తన స్థానంలో లెరాయ్ హట్సన్ అనే కుర్రాణ్ణి నిలబెట్టారు. ఇంప్రెషన్స్ రికార్డులు కర్టమ్ కంపెనీ మీదే వచ్చాయి. బయటికొచ్చిన తర్వాత కూడా ఆ బృందానికి కర్టిస్ పాటలు రాసిచ్చాడు, రికార్డు చేయించాడు. 1983లో, మొట్టమొదట పేరు గొడవలో వెళ్లిపోయిన జెర్రీ బట్లర్‌తో సహా పాతవాళ్లంతా కలిసి ఊరూరా తిరిగి పాడారు. మొదటి గొడవకి పాతికేళ్ల తర్వాత!

1990 ఆగస్టు 13న న్యూయార్కు బ్రూక్లిన్‌లో ఆరుబయట సభ. గాలివాన లేచి, లైట్లు కట్టిన ఇనుప చట్రం అతని మీద పడింది. మెడ కింద ఒళ్లంతా చచ్చుబడింది. ఆ గిటారు మళ్లీ ముట్టుకోలేదు. ఆరేళ్ల తర్వాత, 1996లో, ఇంకో రికార్డు వేశాడు. కూచుంటే ఊపిరి చాలదు. వెల్లకిలా పడుకోబెడితే కాస్త ఊపిరి అందేది. అట్లా పడుకుని ఒక్కో పాదం పాడి, ఆగి, మళ్లీ ఇంకో పాదం పాడితే, వాటిని అతికించి పాటలు చేశారు. 1999 డిసెంబరు 26న పోయాడు.

ఇక మన తమ్ముడి సంగతి. మా అభిప్రాయం సూటిగా చెబుతాం, ఒప్పుకోకపోతే మధ్యాహ్నం చర్చలో తిట్టండి. వాడు వెళ్లడం తప్పు కాదు. ఫొటో వేసుకోవడమూ తప్పు కాదు, వాడి ముఖం వాడిది. ఆ అక్క వాళ్లమ్మ కట్టిన రెండు పాటలకి ఆ అమ్మ పేరు వెయ్యకపోవడం తప్పు. మనకి క్యాసెట్టువాడు చేసిందే వాడు మనకి చేశాడు. అది సరిదిద్దాలి. డబ్బేమైనా వస్తే వాటా ఆమెకి చేరాలి. ఇక మన తప్పు. తొమ్మిదేళ్లలో వాడు సొంతంగా రాసిన పాటని ఒక్కసారి కూడా సభలో పాడనివ్వలేదు. "ఉద్యమం పాట కాదు" అన్నాం. వాడు రాసింది వాళ్ల నాన్న గల్ఫులో పోతే శవపెట్టె కోసం నలభై రోజులు ఎదురుచూసిన పాట. ఆ ఆరింటిలో అది మూడోది. మేము నిన్న రాత్రి బస్సులో వస్తూ మొదటిసారి పూర్తిగా విన్నాం.

ఆదివారం పొద్దున వాళ్లింటికి వెళుతున్నాం. నోటు పుస్తకం తీసుకెళతాం. అక్కా, నువ్వూ, మీ అమ్మా తప్పకుండా రావాలి. అమ్మ నడవలేకపోతే ఆటో మాట్లాడతాం. వచ్చేవాళ్లు భోజనాల దగ్గర పేర్లివ్వండి. డప్పు ఒకటి చాలు.

జై భీమ్.